త్యాగయ్యగారు తరలివెళ్ళిన వైనం

ఉగాది సంచికకు మరణాన్ని గురించి వ్రాస్తున్నానంటే మన సంఘ మిత్రులు ఇద్దరు ముగ్గురు మొగం చిట్లించినారు. శుభం పలకమన్నప్పుడు మరేదో పలికే మనిషిని అని వారు అనుకొని ఉండవచ్చును. అయితే ఈ ఉగాదితో ప్రవేశిస్తున్న సంవత్సరం పేరు పరాభవ. 2026 మార్చి 19 మొదలు మనం ప్రతి సంకల్పంలోనూ ఆ పేరే చెప్పుకోవాలి. పరాభవం అంటే ఓటమి, అవమానం. పంచాంగం చేతికి రాకముందే, ఇదేం పేరండీ అని చప్పరించినవారు మనలో లేకపోలేదు. ఆ పేరును చూడగానే నాకు వేరొక సంగతి జ్ఞాపకం వచ్చినది. అరవై ఏండ్ల చుట్లు మూడు వెనక్కు లెక్కపెడితే, 1966, 1906, ఆపైన 1846. ఆ 1846లో ప్రవేశించిన పరాభవ నామ సంవత్సరంలోనే, పుష్య బహుళ పంచమి నాడు, శ్రీ త్యాగరాజస్వామివారు కావేరి గట్టున సిద్ధి పొందినారు. ఇంగ్లీషు లెక్కకు అది 1847 జనవరి 6. ఓటమి అనే పేరుగల ఆ సంవత్సరాన్ని ఆయన ఏ విధంగా దాటినారో చెప్పుకోవడం పండుగకు తగని పని కాదని నా అభిప్రాయం.

త్యాగయ్యగారు మనవంటివారే. అనగా, ఆంధ్ర దేశం వెలుపల పుట్టి, వెలుపలనే పెరిగి, వెలుపలనే కన్నుమూసిన తెలుగువారు. వారి ఇంటిపేరు కాకర్ల. అది మార్కాపురం ప్రాంతంలోని ఒక ఊరి పేరు. ములకనాటి వైదిక బ్రాహ్మణ కుటుంబం. 1532 ప్రాంతంలో తంజావూరు నాయక రాజుల చేతికి వచ్చిన నాటినుండి తెలుగు కుటుంబాలు ఎన్నో దక్షిణానికి తరలివచ్చి కావేరి నీళ్ళు త్రాగి స్థిరపడినవి. తరువాత వచ్చిన మరాఠీ ప్రభువులు కూడా తెలుగును సభలోనుండి తోసివేయలేదు. అట్లా వచ్చి నిలిచిన ఇండ్లలో కాకర్లవారి ఇల్లు ఒకటి. తండ్రి రామబ్రహ్మంగారు, తల్లి సీతమ్మగారు. సర్వజిత్తు నామ సంవత్సరంలో, 1767 మే 4న, తిరువారూరులో ఈ పిల్లవాడు పుట్టినాడు. ఆ ఊరి స్వామి పేరు త్యాగరాజు కనుక పిల్లవానికి ఆ పేరే పెట్టినారు. శివుని పేరు పెట్టుకొని జీవితమంతా రాముని పిలిచిన మనిషి ఆయన.

కుటుంబం కొంతకాలానికి తిరువయ్యారు చేరినది. తమిళంలో తిరు ఐ ఆరు అంటే పవిత్రమైన ఐదు నదుల చోటు, మన సంస్కృతంలో పంచనదం. ఊరినిండా పంచనదీశ్వరుని గుడి, గుడి వెనుక కావేరి, గట్టున మెట్లు. తండ్రిగారు రామభక్తులు, రామాయణ ప్రవచనం చేసేవారు. ఆయన నిత్యం అర్చించిన రామ విగ్రహాలే కుమారునికి వచ్చిన ఆస్తి. సంగీతం శొంఠి వెంకటరమణయ్యగారి వద్ద నేర్చుకొన్నారు. శొంఠివారు ఆనాడు తంజావూరు ఆస్థానంలో పెద్ద పేరు గలవారు. శిష్యుడు తలచుకొంటే అదే ఆస్థానంలో జీతం, ఇల్లు, పల్లకీ అన్నీ దొరికేవి. ఆయన తలచుకోలేదు.

రామనామం తొంబదిఆరు కోట్లు జపించినారని శిష్యుల సంప్రదాయం చెబుతున్నది. దినానికి లక్షా ఇరవైఐదు వేల చొప్పున 21 ఏండ్లు. నేను గుమాస్తా పని చేసేవాణ్ణి గనుక కాగితం మీద గుణించి చూచినాను. లెక్క సరిపోతున్నది, దాదాపు తొంబదిఆరు కోట్లే. దినానికి అన్ని నామాలు ఒక మనిషి నాలుకకు సాధ్యమా అన్నది వేరే ప్రశ్న. దానికి నా వద్ద జవాబు లేదు. ఆ లెక్కను నమ్మినా నమ్మకపోయినా ఒకటి మాత్రం నిశ్చయం. ఆ మనిషి మనస్సు ఒకే దిక్కుకు తిరిగి ఉండినది.

బ్రతుకు తెరువు ఉంఛవృత్తి. ఈ మాట ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చును. చేత తంబురా, భుజాన చెంబు వేసుకొని, పాడుకొంటూ వీధిన నడచి వెళ్ళడం, గృహిణులు గుమ్మంలోకి వచ్చి పోసిన పిడికెడు బియ్యం తీసుకొని ఇల్లు చేరడం. అడగకూడదు, ఒక ఇంటి ముందు నిలబడకూడదు, రేపటికని దాచకూడదు. ఆ బియ్యంతోనే ఇంటివారికీ, ఇంటనే ఉండి పాట నేర్చుకొనే శిష్యులకూ అన్నం. శరభోజి మహారాజు ధనం పంపి సభకు పిలిపిస్తే ఆయన వెళ్ళలేదని, అందుమీద కల్యాణి రాగంలో ఒక కీర్తన పాడినారని చెప్పుకొంటారు. ఆయన వెళ్ళకపోవడం అన్నగారికి మండిపోయినదట. అన్నదమ్ములకు పడేది కాదు. కోపం పట్టలేక అన్నగారు రామ విగ్రహాలను ఎత్తి కావేరిలో వేసినారనీ, తమ్ముడు నాళ్ళ తరబడి విలపించి చివరకు ఇసుకలో కనుగొన్నారనీ కథ. హరికథలలో ఈ ఘట్టం వచ్చినప్పుడు అందరూ అన్నను తిడతారు. నాకు మాత్రం ఆ అన్నమీద కొంచెం జాలి కలుగుతుంది. ఇంటికి చెక్కబండ్లతో వచ్చిన ధాన్యం వాకిలి నుండే వెనుకకు మళ్ళితే, ఆ పూట అత్తెసరు చూచుకోవలసిన వానికి వైరాగ్యం ఏమి రుచిస్తుంది?

త్యాగయ్యగారు దుఃఖం ఎరుగని శిలావిగ్రహం అని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. మొదటి భార్య పార్వతమ్మగారు సంతానం లేకుండానే పోయినారు. ఆమె చెల్లెలు కమలాంబగారిని తరువాత పెండ్లాడినారు. వారికి ఒక్కతే కుమార్తె, సీతాలక్ష్మి. ఆమె కడుపున పుట్టిన మనుమడు కూడా బిడ్డలు లేకుండానే పోయినందున ఆ వంశం అక్కడితో ఆగినది. ఆయన కీర్తనలు ఈనాడు దాదాపు ఏడు వందలు దొరుకుతున్నవి. వానిలో సగానికి సగం ఫిర్యాదులే. ఎందుకు రావు, ఎందుకు పలుకవు, నా మీద దయ లేదా, నేను చేసిన తప్పేమి, అని ఆయన రామునితో వాదిస్తారు, అలుగుతారు, బ్రతిమాలుతారు, ఒక్కొక్కప్పుడు ఎగతాళి కూడా చేస్తారు. సొంత ఇంటి మనిషితో మాట్లాడినట్లే ఉంటుంది. ప్రహ్లాద భక్తి విజయమనీ, నౌకా చరిత్రమనీ రెండు గేయ నాటకాలు వ్రాసినారు. మొదటిదానిలో చావు వెంటబడి తరుముతున్న బాలుడు, రెండవదానిలో నడి యమునలో మునిగిపోతున్న పడవ. రెండింటిలోనూ మృత్యువు గుమ్మంలోకి వచ్చి నిలిచినప్పుడే దేవుడు దగ్గరవాడు అవుతాడు. ఇది ఆయన కావాలని ఏర్చుకొన్న కథావస్తువులే అని నాకు తోస్తుంది.

డెబ్బది ఏండ్లు దాటిన తరువాత ఆయన ఒక పెద్ద యాత్ర చేసినారు. కంచిలో ఉపనిషద్ బ్రహ్మేంద్రులనే సన్యాసి ఉండేవారు. నూటఎనిమిది ఉపనిషత్తులకు వ్యాఖ్యానం వ్రాసిన మహనీయుడు. త్యాగయ్యగారి తండ్రికి స్నేహితుడని, ఆయన ఆహ్వానం మీదనే ఈ యాత్ర సాగినదని చెబుతారు. కంచి, తిరుపతి, చెన్నపట్టణం, కోవూరు, తిరువొత్తియూరు, తిరుగు దారిలో లాల్గుడి, శ్రీరంగం. ప్రతి చోటా ఆ ఊరి దేవునిమీద కీర్తనలు. శిష్యుడు వీణ కుప్పయ్యరు తిరువొత్తియూరులో గురువుగారిని ఇంట పెట్టుకొని సేవించినాడు. ఈ ప్రయాణమంతా కాలినడకను, పల్లకీమీద, బండిమీద. ఈ దేశంలో ప్రయాణికుల రైలు అప్పటికి లేదు. దక్షిణాదిని మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న చెన్నపట్టణం రాయపురం నుండి వాలాజా రోడ్డుకు నడచినది. ఆ వాలాజాపేటలోనే త్యాగయ్యగారి ముఖ్య శిష్యుడు వెంకటరమణ భాగవతరు కాపురముండి గురువుగారి కీర్తనలు తాటియాకుల మీదను, కాగితాల మీదను వ్రాసి ఉంచినాడు. గురువుగారు మరొక తొమ్మిదేండ్లు ఉండి ఉంటే మా రైలు ఎక్కి శిష్యుని ఊరు వెళ్ళి ఉండేవారు కదా అని, రైల్వే ఉద్యోగిని గనుక, అప్పుడప్పుడు అనుకొంటూ ఉంటాను.

1845లో కమలాంబగారు పోయినారు. ఆ ఇంటిలో దీపం పెట్టే మనిషి లేకపోయినది. శిష్యులు ఉన్నారు, విగ్రహాలు ఉన్నవి, తంబురా ఉన్నది. సహధర్మచారిణి లేని గృహస్థు అగ్నికార్యాలకు సగం మనిషి అంటారు. ఆ తరువాతి ఏడు, పరాభవ పుష్య మాసంలో, శుద్ధ ఏకాదశి నాడు ఆయనకు ఒక దర్శనం కలిగినదని సంప్రదాయం. కొండమీద కొలువై ఉన్న రాముని ఆయన చూచినారు. చుట్టూ పరిచారకులు వింజామరలు వీస్తున్నారు. ఒళ్ళు పులకరించి, కండ్ల నీరు నిండి, ఏదో మాట్లాడబోయి మాట రాక తడబడుతుండగా, పది పూటల మీదట నిన్ను కాచెదనని స్వామి సెలవిచ్చినాడు. సహాన రాగంలోని ఒక కీర్తనలో ఈ సంగతి ఆయనే చెప్పినారు. పూట అంటే మనకు సగం దినం గదా అని తెలుగు ఎరిగినవారు ప్రశ్నించవచ్చును. శిష్యులు మాత్రం దానిని పది దినాలుగానే లెక్క కట్టినారు. శుద్ధ ఏకాదశి నుండి బహుళ పంచమికి చూచుకొంటే ఆ లెక్క కుదిరినది కూడా.

మనోహరి రాగంలో ఇంకొక కీర్తన ఉన్నది. దానిని కూడా ఈ దినాలకు చెందినదిగానే చెబుతారు. సరయూ నది నడుమ సీతతో కూడి ఉండగా, నా తాపం చూచి నీవు పలికిన మాట మరచితివా అని అందులో రాముని అడుగుతున్నారు. ఈ కీర్తన అర్థం తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగినది. మాట ఇచ్చినవాడు రాముడు, గడువు పది పూటలు. అయినా ముసలాయనకు ఆత్రం ఆగలేదు. వాయిదా దాటిపోతుందేమో అని దిగులు. మనలో ఎవరికైనా పది దినాలలో పోతావని తెలిస్తే, ఆ పదిని ఇరువది చేయమని వేడుకొంటాము. ఈయన పదవ దినం ఎందుకు ఇంకా రాలేదని అడుగుతున్నారు. ఆయనకు అది ముగింపు కాదు, డెబ్బది తొమ్మిదేండ్లు గుమ్మంలో నిలబడి పిలిచిన మనిషికి తలుపు తెరుచుకోవడం.

దర్శనం తరువాత ఆయన శిష్యులకు సంగతి తెలిపి, సన్యాసం స్వీకరించినారు. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పడం అవసరం. చాలామంది దీనిని చివరి దినాలలో వేసుకొనే కాషాయ వేషంగా భావిస్తారు. మన పెద్దల ఏర్పాటులో సన్యాసం అంటే, మరణాన్ని ముందుగానే, తెలివిలో ఉండగానే, మంత్రపూర్వకంగా జరుపుకోవడం. సన్యసించబోయేవాడు దేవతలకు, ఋషులకు, పితరులకు శ్రాద్ధం పెట్టి, చివరకు తన శ్రాద్ధం తానే పెట్టుకొంటాడు. తన పిండం తన చేతితోనే. విరజా హోమం చేసి, అగ్నులను తనలో ఆరోపించుకొని, శిఖా యజ్ఞోపవీతాలు విడిచివేస్తాడు. ఏ ప్రాణికీ నా వలన భయం లేదని అభయం ఇస్తాడు. ఆ క్షణంతో కాకర్లవారి త్యాగయ్య అనే గృహస్థు ఉండడు. ఇల్లు, ఇంటిపేరు, కుమార్తె, అన్నదమ్ముల పంపకం, అన్నీ ఆ హోమంలో పోయినట్లే. అంత్యకాలంలో తీసుకొనేదానికి ఆపత్సన్యాసమని పేరు, అందులో క్రియాకలాపం తగ్గించి ముఖ్యమైన మంత్రోచ్చారణతో సరిపెట్టడానికి కూడా శాస్త్రం ఒప్పుకొంటుంది. ఏ విధంగా చేసినా అర్థం ఒక్కటే. తరువాత వచ్చే శరీర పతనానికి ఇక చేయవలసిన పని మిగలదు.

మా ఆఫీసులో బదిలీ ఉత్తర్వు వచ్చినవాడు ముందుగా తన బల్లమీద దస్త్రాలన్నీ లెక్క ఒప్పజెప్పి, తాళంచెవులు ఇచ్చి, చేవ్రాలు పెట్టి, ఆపైన రెండు మూడు దినాలు ఊరిలోనే ఉంటాడు. ఆ రెండు మూడు దినాలు అతడు వచ్చి మాతో కాఫీ త్రాగుతాడు, నవ్వుతాడు, కాని అతనికి ఇక్కడ బాధ్యత ఏమీ ఉండదు. అతని మొగంలో ఒక రకమైన తేలిక కనిపిస్తుంది. త్యాగయ్యగారి చివరి దినాలను తలచుకొన్నప్పుడల్లా నాకు ఆ మొగం కనిపిస్తుంది. పెద్ద విషయానికి చిన్న ఉపమానం, పెద్దలు మన్నింతురుగాక.

పుష్య బహుళ పంచమి నాడు ఉదయం, శిష్యులు చుట్టూ చేరి నామసంకీర్తనం చేస్తుండగా, ఆయన సిద్ధి పొందినారు. బ్రహ్మరంధ్రం నుండి ఒక జ్యోతి వెడలినదని సంప్రదాయం చెబుతున్నది. చూచినవారు శిష్యులు, చెప్పినవారు శిష్యులు. ఆ జ్యోతి సంగతి నేను వాదించను. నాకు దానికంటె గొప్పగా తోచేది, ఆ ఇంట ఆనాడు ఏడ్పు బదులు పాట ఉండడం. ఏడ్వలేదని కాదు, ఏడ్చి ఉంటారు. పాట మాత్రం ఆగలేదు. సన్యాసులను దహనం చేయరు. కూర్చున్న భంగిమలోనే శరీరాన్ని భూమిలో ఉంచి పూడ్చుతారు. ఆ ప్రకారం కావేరి గట్టునే సమాధి చేసినారు. దగ్గరలోనే గురువుగారు శొంఠి వెంకటరమణయ్యగారి సమాధి కూడా ఉన్నదని అంటారు. గృహస్థు పోతే ఏటేటా తద్దినం. సన్యాసికి తద్దినం లేదు. పితృలోకంలో ఆకలిగొని ఎదురుచూచే ఆత్మ అక్కడ లేదు గనుక పిండం పెట్టే పని లేదు. అతనికి జరిపేది ఆరాధన. తిరువయ్యారులో జరిగేదానికి త్యాగరాజ ఆరాధన అనే పేరు రావడం అందుచేతనే. మామూలు మహనీయులకు మనం పుట్టినదినం జరుపుతాము. ఈయనకు మాత్రం వెళ్ళిన దినమే పండుగ అయినది.

ఇంతవరకు చెప్పి ఊరకుంటే కథ అందంగా ఉంటుంది. తరువాత జరిగినది కూడా చెప్పాలి. శిష్యులు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయినారు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం, తిరువొత్తియూరు, ఎవరి ఇంట వారు గురువుగారి తిథి జరుపుకొనేవారు. సమాధి దగ్గర దీపం పెట్టేవాడు లేకపోయినాడు. తులసికోట వంటి చిన్న కట్టడం, చుట్టూ తుప్పలు, ముండ్లు. ఏభై ఏండ్లకు పైగా అట్లాగే ఉండిపోయినది. ఆయన కీర్తనలు దక్షిణ దేశమంతటా కచేరీలలో మారుమ్రోగుతున్న దినాలలోనే ఆయన సమాధి ఎక్కడ ఉన్నదో చెప్పగలవారు కరవైనారు. 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతరు, సుందర భాగవతరు, ఇద్దరూ వృద్ధులు, ఆయన వద్దనే పాట నేర్చినవారు, వచ్చి ఆ చోటు గుర్తుపట్టి బాగు చేయించినారు. ఆ ఇద్దరు కూడా అప్పటికి పోయి ఉంటే ఆ స్థలం ఈనాడు మనకు దక్కేది కాదేమో.

తరువాత కొద్ది ఏండ్లకు తిరువయ్యారులోనే ఆరాధనలు మొదలైనవి. మొదలైన కొద్దికాలానికే విద్వాంసులు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు పక్షాలుగా చీలినారు. సర్వమూ విడిచి వెళ్ళిన మహానుభావుని సమాధి దగ్గర ఎవరు ముందు ఎవరు వెనుక అని పోట్లాట. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలవారికి ఏకాభిప్రాయం ఉండినది. ఆడవారు అక్కడ పాడరాదు.

అట్టి సమయంలో బెంగుళూరు నాగరత్నమ్మగారు వచ్చినారు. ఈమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టినవారు. చెన్నపట్టణంలో పాటకత్తెగా విశేష ధనం, కీర్తి గడించినారు. తెలుగు చదువుకొన్న విదుషి. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేయించి, దానిపై వచ్చిన నిందలకు, నిషేధానికి ఎదురు నిలిచిన ధైర్యశాలిని. గురువుగారు బిడారం కృష్ణప్పగారి వలన సమాధి దుస్థితి ఆమెకు తెలిసినది. 1921లో తిరువయ్యారు వచ్చి చూచి, ఆ స్థలం సంపాదించి, తన నగలు, సొమ్ము వెచ్చించి గుడి కట్టించినారు. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగినది. తాను కట్టించిన గుడిలో తనకే పాడే హక్కు లేదన్నారు. ఆమె అలిగి వెనుకకు పోలేదు. మరుసటి ఏడు నుండి గుడి వెనుక భాగంలో ఆడవారిని కూడగట్టుకొని వేరుగా ఆరాధన మొదలుపెట్టినారు. పక్షాలన్నీ కలిసి ఒకటిగా జరుపుకోవడం 1940 తరువాతనే సాధ్యమైనది. ఆనాటి నుండి ఆడా మగా అందరూ ఒక్కచోటనే.

ఈమె కథ త్యాగయ్యగారి జీవితంలో భాగమేనా అని ఎవరైనా అడుగవచ్చును. భాగమే అంటాను. ఆయనకు వంశం మిగలలేదు. పిండం పెట్టవలసిన అవసరమూ లేకుండా చేసుకొని వెళ్ళినారు. అయినా డెబ్బదిఐదేండ్ల తరువాత, ఆయనను చూడని, బంధుత్వం లేని, ఆ ఊరిది కాని ఒక స్త్రీ వచ్చి కూతురు చేయవలసిన సేవ చేసినది. ఆమె చివరి ఏండ్లు తిరువయ్యారులోనే గడిపి 1952 మే 19న కన్నుమూసినారు. త్యాగయ్యగారి సమాధికి ఎదురుగా ఆమెకు సమాధి కట్టినారు. అక్కడ ఆమె విగ్రహం ఆయన వైపే చూస్తూ కూర్చొని ఉన్నది.

నాలుగేండ్ల క్రిందట నేను పంచమి నాడు అక్కడ ఉన్నాను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలో ఐదు పెద్ద కీర్తనలు, వందల గొంతులు ఒక్కసారిగా. నా పక్కన పాడుతున్న పెద్దమనిషి చేతిలో తమిళ లిపిలో అచ్చయిన పుస్తకం. పాట ముగిసిన తరువాత తెలుగులో పలకరించితే చిరునవ్వు నవ్వి, తనకు తెలుగు రాదని తమిళంలో చెప్పినారు. అర్థం మాత్రం ప్రతి మాటకూ తెలుసునట, తండ్రిగారు నేర్పినారట. మా పెద్దవాడు, తెలుగింట పుట్టినవాడు, వెనుక నిలబడి ఆ మాటలలో కొన్నింటికి అర్థం నన్ను తమిళంలో అడిగినాడు. ఆ పెద్దమనిషే వంగి వానికి చెప్పినారు. నాకు సంతోషమూ కలిగినది, గొంతులో ఏదో అడ్డుపడినట్లూ అయినది. ఆ సాయంత్రం నుండి ఇంట దినానికి ఒక గంట తెలుగు చదివిస్తున్నాను. వాడు గొణుగుతాడు, అయినా చదువుతున్నాడు.

ఈ పరాభవ సంవత్సరపు పుష్య బహుళ పంచమి 2027 జనవరి నెలాఖరులో వస్తున్నది. త్యాగయ్యగారు వెళ్ళి అప్పటికి అరవై ఏండ్ల చుట్లు సరిగ్గా మూడు పూర్తి అవుతవి. తిరువయ్యారుకు రైలు లేదు. తంజావూరు జంక్షనులో దిగి బస్సు ఎక్కాలి, పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఐదు కీర్తనలు ఉదయమే మొదలవుతవి కనుక ముందునాటి రాత్రికే తంజావూరు చేరుకోవడం మంచిది. ఆ దినాలలో బండ్లలో రద్దీ ఎక్కువ. సంఘం తరఫున కలిసి వెళ్ళదలచినవారు దీపావళి లోపల పేర్లు ఇస్తే టిక్కెట్ల సంగతి నేను చూచుకొంటాను.